అమ్మ కునుకు లేదంటది, వాచీ ఆరున్నర గంటలు పడుకున్నదంటది. ఏది నమ్మాలె?

వడ్డేపల్లి ఆడబిడ్డ:

అమ్మకు 67 ఏండ్లు. హన్మకొండల నాతోనే ఉంటది. పోయిన దసరాకు తమ్ముడు డల్లాస్ నుంచి వచ్చినప్పుడు ఆమె చేతికి ఒక వాచీ కట్టి పోయిండు. అడుగులు, గుండె కొట్టుకునుడు, నిద్ర అన్నీ లెక్క పెడ్తది. ఆ లెక్కలు అతని ఫోన్లకు పోతయి. అంత దూరంల ఉన్నోడు, అమ్మ ఎట్లున్నదో రోజూ తెలుసుకోవాలని మంచికే పెట్టిండు.

అప్పటిసంది పొద్దుగాల పొద్దుగాల ఇంట్ల ఒకటే పంచాయితీ. అమ్మ లేవంగనే "రాత్రంతా కంటి మీద కునుకు లేదు బిడ్డా, ఒంటిగంట చూసిన, రెండున్నర చూసిన, నాలుగు గూడ చూసిన" అంటది. ఏడింటికి తమ్ముడు ఫోన్ చేస్తడు. "ఏందమ్మా, ఆరు గంటల నలభై నిమిషాలు పడుకున్నవు, ఇక్కడ కనబడుతున్నది కదా" అంటడు. అమ్మ ఏం మాట్లాడది. ఈ మధ్య నేను "రాత్రి నిద్ర పట్టిందా" అని అడిగితే "నన్నెందుకు అడుగుడు, దాన్ని అడుగు" అని చెయ్యి చూపెట్టింది. కోపంతోని అన్నట్టు లేదు, ఇంక చెప్పి లాభం లేదన్నట్టు అన్నది. నాకు మనసున పట్టలేదు.

బీపీ, షుగర్ గోలీలు వేసుకుంటది. మోకాళ్ల నొప్పులున్నయి. మధ్యాహ్నం అన్నం తిన్నంక కుర్చీలనే కండ్లు మూతలు పడ్తయి. అమ్మది భ్రమనా? వాచీ తప్పు చూపెడుతున్నదా? డాక్టర్ దగ్గరికి తీసుకపోతే ఎవరి మాట చెప్పాలె? తెలిసినోళ్లు చెప్పండి.

కొండాపూర్ కోడర్:

నా అనుభవం వాచీ వైపే ఉంది. నేను రాత్రి పదకొండుకి పడుకుంటాను, ఆరింటికి లేస్తాను. ఎవరడిగినా ఏడు గంటలు నిద్రపోతున్నానని చెప్పేవాడిని, నిజంగా అలాగే నమ్మాను. వాచీ కొన్నాక తెలిసింది, అది అయిదున్నర దాటడం లేదు. పక్క మీద ఫోన్ చూసే టైమ్, మధ్యలో లేచే టైమ్ అన్నీ నేను నిద్ర ఖాతాలో వేసేసుకుంటున్నాను. అది చూశాక ఫోన్ హాల్లో పెట్టి పడుకోవడం మొదలుపెట్టాను. పగలు తలనొప్పి తగ్గింది.

ఇది నా ఒక్కడి సంగతి కాదు. షికాగోలో కార్డియా అనే పెద్ద గుండె అధ్యయనంలో ఉన్నవాళ్ల మణికట్టుకి కదలికలు కొలిచే పరికరం కట్టి, వాళ్లు చెప్పే నిద్రతో పోల్చి చూశారు. 2008లో వచ్చింది. కొలిస్తే సగటు 6 గంటలు, అడిగితే 6.8 గంటలు. నిద్ర తక్కువైనవాళ్లే ఎక్కువ కలిపి చెప్పారు. 5 గంటలు పడుకునేవాళ్లు 1.2 గంటలు పెంచి చెబితే, 7 గంటలు పడుకునేవాళ్లు 0.4 గంటలే పెంచారు. అంటే నిద్ర గురించి మనిషిని అడిగి తెలుసుకోవడం అంత నమ్మకమైన పద్ధతి కాదు. అమ్మగారి మాట కొట్టిపారేయమని నేననను. కానీ ఆవిడ గడియారం చూసిన ఆ మూడు సార్ల మధ్య బాగానే పడుకుని ఉండొచ్చు కదా?

రాత్రి ల్యాబ్:

అక్కా, నేను హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి స్లీప్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. సాయంత్రం పేషెంట్ వస్తే తలకి, కళ్ల పక్కన, గడ్డానికి, కాళ్లకి తీగలు అతికించి, ఛాతీకి పొట్టకి బెల్టులు వేసి, ముక్కు దగ్గర సన్న గొట్టం, వేలికి ఆక్సిజన్ క్లిప్పు పెట్టి పడుకోబెడతాం. తెల్లారేదాకా పక్క గదిలో ఆ గీతలు చూస్తూ కూర్చోవడం నా పని. తర్వాత ఆ రికార్డింగ్‌ని 30 సెకన్ల ముక్కలు చేసి, ఒక్కో ముక్క మెలకువా, నిద్రా, నిద్రయితే ఏ దశ అని గుర్తు పెడతాం. ఎనిమిది గంటల రాత్రికి 960 ముక్కలు. ఇంత చేస్తేగానీ ఒక మనిషి ఎంతసేపు నిద్రపోయాడో చెప్పడానికి మాకు ధైర్యం చాలదు.

అమ్మగారి చేతి వాచీకి మెదడు తరంగాలు అందవు. దానికి తెలిసేవి ముఖ్యంగా రెండు. చెయ్యి కదులుతోందా లేదా, చర్మం కింద నాడి ఎలా కొట్టుకుంటోంది. ఆ పచ్చ లైటు నాడి కోసమే. కదలిక లేదు, గుండె నెమ్మదించింది అంటే నిద్రే అయి ఉంటుందని లెక్క కడుతుంది. నిజంగా నిద్రపోయే మనిషి విషయంలో ఆ లెక్క బాగానే కుదురుతుంది. కదలకుండా కళ్లు మూసుకుని మెలకువగా పడుకున్న మనిషి దగ్గరే చిక్కంతా.

దీనికి కొలతలున్నాయి. 2021లో అమెరికాలో ఏడు రకాల పరికరాల్ని, చేతికి కట్టేవి కొన్ని, మంచం దగ్గర పెట్టేవి కొన్ని, 34 మంది ఆరోగ్యంగా ఉన్న యువతీయువకుల మీద ల్యాబ్ రికార్డింగ్‌తో పాటే నడిపించి పోల్చారు. నిద్రని నిద్రగా పట్టుకోవడంలో అన్నీ 93 శాతానికి తగ్గలేదు. మెలకువని మెలకువగా పట్టుకోవడంలో మాత్రం పరికరాన్ని బట్టి 18 నుంచి 54 శాతం. అంటే బాగా పనిచేసిన పరికరం కూడా మెలకువగా ఉన్న సమయంలో దాదాపు సగాన్ని నిద్ర కింద రాసేసింది. అది కూడా వయసులో ఉండి, ఏ జబ్బూ లేనివాళ్ల దగ్గర.

పెట్టె మీద "90 శాతం ఖచ్చితత్వం" లాంటి మాట చూసినప్పుడు ఒక సంగతి ఆలోచించండి. రాత్రిలో 90 శాతం నిద్రపోయే మనిషి ఉన్నాడనుకుందాం. ఏమీ కొలవకుండా "నిద్ర, నిద్ర, నిద్ర" అని ప్రతి నిమిషానికీ రాసుకుంటూ పోయే యంత్రానికి కూడా ఆ మనిషి దగ్గర 90 మార్కులు వస్తాయి. నిద్ర పట్టని మనిషి దగ్గర పెడితేనే యంత్రం సంగతి తెలుస్తుంది.

కొండాపూర్ సోదరా, మీరు చెప్పిన షికాగో లెక్క సరైనదే. కానీ అందులో జనం ఉన్న నిద్రకి కలిపి చెప్పారు. వీళ్ల అమ్మగారు తగ్గించి చెబుతున్నారు, అదీ బాధపడుతూ చెబుతున్నారు. ఈ ఇద్దరూ ఒకే రకం మనుషులు కారు. పైగా అక్కడ కట్టింది కూడా మణికట్టు పరికరమే, మెదడు రికార్డింగ్ కాదు.

ఇప్పుడు అమ్మగారి వైపు నుంచి చూద్దాం. మా ల్యాబ్‌లో పొద్దున తీగలు తీసే ముందే పేషెంట్‌కి ఒక కాగితం ఇస్తాం. రాత్రి ఎంతసేపటికి నిద్ర పట్టింది, ఎన్నిసార్లు లేచారు, మొత్తం ఎంత పడుకున్నారు అని. ముందు వాళ్ల మాట, తర్వాతే మా గీతలు. ఆ కాగితానికీ గీతలకీ పొంతన లేని రాత్రుళ్లు చాలా చూశాను, రెండు వైపులా. గురకతో గంటకి ముప్పై నలభై సార్లు ఊపిరి ఆగి మెదడు ఉలిక్కిపడుతున్న మనిషి "హాయిగా పడుకున్నానయ్యా" అని రాస్తాడు. ఇంకొకావిడ "గంటకి మించి పట్టలేదు" అని రాస్తారు, గీతల్లో అయిదు గంటల నిద్ర ఉంటుంది.

ఆ రెండోవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. నిద్రలోకి జారే ముందు నిమిషాలు మనకి గుర్తుండవు, నిద్ర అసలే గుర్తుండదు. గుర్తుండేది మెలకువ ఒక్కటే. ఒంటిగంటకి గడియారం చూశారు, రెండున్నరకి చూశారు, నాలుగుకి చూశారు. మధ్యలో మాగన్నుగా పట్టిన నిద్రకి జ్ఞాపకంలో జాగా లేదు. కాబట్టి పొద్దున్నే వెనక్కి తిరిగి చూస్తే రాత్రంతా మెలకువే కనిపిస్తుంది. ఇంకో సంగతి కూడా తేలింది. ఇలాంటి కొందరిలో, మేము నిద్ర అని గుర్తు పెట్టిన సమయంలోనూ మెదడులో మెలకువకి సంబంధించిన వేగమైన తరంగాలు మామూలు కంటే ఎక్కువగా కనిపిస్తాయి. 30 సెకన్ల ముక్కలో ఎక్కువ భాగం ఏది ఉంటే ఆ పేరే పెడతాం, పది సెకన్ల మెలకువ మా లెక్కలోనూ మునిగిపోతుంది. కాబట్టి "నిద్ర పట్టింది, నీకు తెలియలేదంతే" అని అనడానికి ల్యాబ్‌లో కూర్చునే నేనే జంకుతాను. డల్లాస్ నుంచి ఒక తెర చూసి అనడం అస్సలు కుదరదు.

నా అంచనా ఇది: అమ్మగారు చెప్పేదానికంటే కాస్త ఎక్కువే పడుకుంటున్నారు, వాచీ చెప్పేదానికంటే బాగా తక్కువ పడుకుంటున్నారు.

మూడు సంగతులు కనుక్కొని చెప్పండి. నిద్ర పట్టనప్పుడు పక్క మీద ఏం చేస్తారు? రాత్రి ఎన్నిసార్లు బాత్రూమ్‌కి లేస్తారు? గురక ఉందా? ఇంకొకటి, వాచీని గాజుల పైన కట్టుకుంటున్నారా, కింద కట్టుకుంటున్నారా?

గాజువాక సిస్టర్:

నేను స్టాఫ్ నర్సుని. నైట్ డ్యూటీలో రౌండ్‌కి వెళ్లినప్పుడు పేషెంటు కళ్లు మూసుకుని కదలకుండా ఉంటే కేస్ షీట్‌లో "నిద్రపోతున్నారు" అని రాస్తాం. పొద్దున్న డాక్టర్‌గారు అడిగితే ఆ పేషెంటే "అస్సలు నిద్ర లేదండి" అంటారు. మొదట్లో నాకు కోపం వచ్చేది, నా కళ్లతో చూశాను కదా అని. ఒక పెద్దాయన చెప్పారు: "అమ్మా, నువ్వు టార్చి వేసిన ప్రతిసారీ నాకు తెలుస్తూనే ఉంది, నీ పని చెడగొట్టడం ఎందుకని కళ్లు తెరవలేదు." అప్పట్నుంచి "కళ్లు మూసుకుని పడుకుని ఉన్నారు" అని రాస్తున్నాను, చూసింది అదే కాబట్టి. ఆ వాచీ కూడా ఆ మాటే రాస్తే ఇన్ని గొడవలుండవు.

నా వాచీ సంగతి వేరు. డ్యూటీ దిగొచ్చి పొద్దున్న తొమ్మిదింటికి పడుకుంటాను, పన్నెండుకి పాప స్కూల్ నుంచి వస్తుంది, మళ్లీ మూడింటికి ఒక గంట పడుకుంటాను. ఆ ముక్కలు నిద్ర కింద సరిగ్గా కలపదు, ఒక్కోసారి ఏకంగా సున్నా చూపించింది. మనుషులంతా రాత్రిపూట ఒకేసారి పడుకుంటారన్న లెక్కతో చేసినట్టున్నారు. మీ అమ్మగారి కుర్చీ కునుకు కూడా అందులో కలుస్తుందో లేదో చూడండి. డాక్టర్‌కి చెప్పేటప్పుడు ఆ మధ్యాహ్నం కునుకు తప్పకుండా చెప్పాలి.

మైలాపూర్ తెలుగు:

నేను చెన్నైలో ఎకనామిక్స్ చదువుతున్నాను. వాచీలని మరీ పక్కన పెట్టేయకండి, ఎందుకంటే ఇక్కడ జరిగిన ఒక పరిశోధన వాటి వల్లే సాధ్యమైంది. తక్కువ ఆదాయం ఉన్న 452 మందికి డేటా ఎంట్రీ పని ఇచ్చి, మణికట్టుకి పరికరం కట్టి వాళ్ల ఇళ్లలోనే నిద్ర కొలిచారు. 2021లో అచ్చయింది. పక్క మీద ఉండేది రాత్రికి 8 గంటలు, అందులో నిద్ర అయిదున్నర గంటలే. వేడి, దోమలు, వీధి చప్పుడు, ఇరుకు గది. ఎప్పుడు పడుకున్నారు, ఎప్పుడు లేచారు అని మాత్రమే అడిగి ఉంటే వీళ్లకి నిద్రకేం లోటు లేదని రాసుకునేవాళ్లు.

పరుపులు, చెవులకి బిరడాలు, కళ్లకి గంతలు లాంటివి ఇచ్చి, కొందరికి ఎక్కువ పడుకుంటే డబ్బు కూడా ఇచ్చారు. రాత్రికి సగటున 27 నిమిషాల నిద్ర పెరిగింది. అయినా పనిలోగానీ ఆరోగ్యంలోగానీ చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. పని చేసే చోట మధ్యాహ్నం చిన్న కునుకు తీయనిస్తే మాత్రం పని చురుకుదనం, మనసు బాగుండటం రెండూ పెరిగాయి. నాకు దీన్లో ముఖ్యమనిపించింది ఏమిటంటే, వాచీ లెక్కలో పెరిగిన నిమిషాలు, మనిషికి అందిన విశ్రాంతి ఒకటి కాకపోవచ్చు. ముక్కలు ముక్కలైన నిద్రకి ఇంకొన్ని ముక్కలు కలిపినంత మాత్రాన సరిపోదేమో. ఇది నా అభిప్రాయం, పరిశోధకులు తేల్చి చెప్పిన మాట కాదు.

కొండాపూర్ కోడర్:

ల్యాబ్ అన్నగారూ, ఒప్పుకుంటాను, కదలకుండా పడుకునే మనిషి గురించి నేను ఆలోచించలేదు. కానీ నాకైతే వాచీ మేలే చేసింది. అది చెప్పకపోతే ఫోన్ బయట పెట్టేవాడిని కాదు. అది లెక్కలోకి రాదా?

రాత్రి ల్యాబ్:

వస్తుంది, ఎందుకు రాదు. మీకు పగలు బాగుంది, అది మీకు మీరుగా తెలుసుకున్నది. ఒకే మనిషి, ఒకే వాచీ అయినప్పుడు ఈ నెల ఎన్నింటికి పడుకుంటున్నాను, పోయిన నెల ఎన్నింటికి పడుకున్నాను అని పోల్చుకోవడానికి అవి పనికొస్తాయి. గాఢనిద్ర ఇన్ని నిమిషాలు, కలల నిద్ర ఇన్ని నిమిషాలు అని రంగుల పట్టీలు చూపిస్తాయే, వాటిని మాత్రం నేను పట్టించుకోను.

అసలు భయం ఇంకోటుంది. 2014లో కొలరాడోలో కాలేజీ పిల్లలకి యంత్రాలు తగిలించి, రాత్రి మీ కలల నిద్ర ఇంత శాతం అని కల్పించిన అంకెలు చెప్పారు. నిద్ర బాగా పట్టిందని విన్నవాళ్లు పరీక్షల్లో మెరుగ్గా చేశారు, పట్టలేదని విన్నవాళ్లు వెనకబడ్డారు. వాళ్లు నిజంగా ఎలా పడుకున్నారన్నదానికంటే ఏం విన్నారన్నదే పనిచేసింది. 2017 నుంచి వైద్యుల రాతల్లో ఆర్థోసోమ్నియా అన్న పేరు కూడా కనిపిస్తోంది. వాచీలో మంచి అంకె రావాలన్న ఆరాటంతోనే నిద్ర చెడగొట్టుకునే స్థితి అది. నా దగ్గరికి వచ్చే కుర్రవాళ్లలో ఫోన్ తెరిచి ముందు ఆ పట్టీలు చూపించేవాళ్లు ఎక్కువవుతున్నారు. "మీకెలా ఉంది" అని అడిగితే ఒక క్షణం ఆగి మళ్లీ ఫోన్ వంకే చూస్తారు. అది చూస్తే నాకు దిగులేస్తుంది.

వడ్డేపల్లి ఆడబిడ్డ:

అందరికి మస్తు థ్యాంక్స్. అన్నా, మీరు అడిగినయి నిన్న రాత్రి అమ్మ పక్కన కూసోని అడిగిన.

నిద్ర పట్టకపోతే ఏం చేస్తవమ్మా అంటే "ఏం చేస్త బిడ్డా, మీరు లేస్తరని కదలకుండ పండుకోని మనసుల రామనామం చదువుకుంట" అన్నది. మోకాలు నొస్తది కాబట్టి పక్కకు తిరుగుడు గూడ తక్కువేనట. వెల్లకిల పండుకుంటే తెల్లారేదాక అట్లనే. ఇన్నేండ్లు ఒకే ఇంట్ల ఉండి నాకు ఇది తెల్వదు.

బాత్రూముకు మూడు సార్లు, ఒక్కోసారి నాలుగు. బీపీ గోలీల ఒకటి నీళ్లు పోయేది ఉన్నదట, అది రాత్రి అన్నం తిన్నంక వేసుకుంటున్నది. గురక ఉన్నది, కానీ ఊపిరి ఆగినట్టు నేను చూడలేదు. వాచీ గాజులకు పైన, మోచేతి దిక్కు వదులుగ ఉన్నది. బిగిస్తే చెయ్యి లాగుతదని వదులు చేసుకున్నదట.

తమ్మునికి ఇదంత చదివి వినిపించిన. కొద్దిసేపు ఏం మాట్లాడలే. తర్వాత "అమ్మకు ఇయ్యక్కా" అన్నడు. వాళ్లిద్దరు చాలసేపు మాట్లాడుకున్నరు, నేను వంటింట్లకు పోయిన. ఇప్పుడు డాక్టర్ దగ్గరికి ఏం రాసుకోని పోవాలె?

రాత్రి ల్యాబ్:

అక్కా, అమ్మగారిది భ్రమ కాదు. కదలకుండా, నెమ్మదిగా ఊపిరి తీసుకుంటూ జపం చేసుకునే మనిషిని ఆ వాచీ నిద్రపోతున్న మనిషిగానే రాస్తుంది. వదులుగా ఉంటే నాడి లెక్క కూడా తప్పుతుంది. బాత్రూమ్‌కి లేచిన మూడు నాలుగు సార్లే దానికి స్పష్టంగా కనిపించి ఉంటాయి.

ముందు గోళీ సంగతి. నీళ్లు పోయే మందు రాత్రిపూట వేసుకుంటే మాటిమాటికీ లేవాల్సి రావడం మామూలే. పొద్దున పూటకి మార్చవచ్చా అని రాసిచ్చిన డాక్టర్‌నే అడగండి, మీరుగా మార్చవద్దు. షుగర్ అదుపులో లేకపోయినా రాత్రి ఎక్కువసార్లు లేస్తారు, ఆ పరీక్ష కాగితం కూడా పట్టుకెళ్లండి. గురకతో పాటు పగటి మత్తు ఉంది కాబట్టి ఊపిరి ఆగే జబ్బు ఉందేమో చూడాలా అని అడగండి. ఆడవాళ్లలో, అందులోనూ ఆ వయసులో దాన్ని పట్టించుకోకుండా వదిలేయడం నేను చాలా చూశాను. మోకాళ్ల నొప్పి నిద్ర చెడగొడుతోందని విడిగా చెప్పండి, లేకపోతే అది వయసు ఖాతాలో పోతుంది.

నిద్రలేమిని డాక్టర్లు నిర్ధారించేది మనిషి చెప్పే మాటని బట్టే. దానికి మొదటి వైద్యంగా 2016లో అమెరికా ఫిజీషియన్ల సంఘం సూచించింది మాత్ర కాదు, అలవాట్లనీ ఆలోచనలనీ సరిచేసే చికిత్స. అది నడిచేది కూడా పేషెంట్ రాసుకున్న నిద్ర డైరీ మీదే. కాబట్టి రెండు వారాలు ఒక నోటుబుక్‌లో రాయండి. అమ్మగారు చెబితే మీరు రాసినా చాలు. పక్క మీదకి ఎన్నింటికి చేరారు, ఎంతసేపటికి పట్టినట్టనిపించింది, ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, చివరిగా ఎన్నింటికి లేచారు, మధ్యాహ్నం ఎంతసేపు కునికారు, పొద్దున ఒళ్లు ఎలా ఉంది. టీ ఎప్పుడు తాగారో కూడా రాయండి. వాచీ లెక్క కావాలంటే చివర్లో వేరే వరుసలో వేయండి, కానీ అమ్మగారు చెప్పడం అయ్యాకే ఫోన్ తెరవండి. తమ్ముడికి కూడా ఆ వరస చెప్పండి.

ఆ గది గోడ గడియారాన్ని హాల్లోకి మార్చేయండి. టైమ్ చూసిన ప్రతిసారీ ఇంకెంతసేపు మిగిలిందన్న లెక్క మొదలవుతుంది, దాంతో ఉన్న కాస్త నిద్ర కూడా పోతుంది. డైరీకి నిమిషాలు సరిగ్గా తెలియక్కర్లేదు. "అరగంట పట్టినట్టుంది", "రెండు మూడుసార్లు లేచాను" అంటే చాలు, అలాగే రాయండి. లేచిన అరగంటలోపు రాయించండి, మధ్యాహ్నానికైతే మర్చిపోతారు.